మామగారి మేతమడి

జింక స్వభావరీత్యా క్రమశిక్షణ లేని జంతువు. ఎవరినీ అడక్కుండా దానికి ఆకలేస్తుంది, ఎవరికీ చెప్పకుండా మేసేస్తుంది. ఈ అరాచకాన్ని ఇంకెంతకాలం సహించాలని అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న బ్లాక్ ఆల్డర్ కౌంటీ తీవ్రంగా ఆలోచించి, అటవీ మేతమడుల నియంత్రణ విభాగాన్ని స్థాపించింది. జింకలకు నోటీసులు అందించడం సాధ్యం కాలేదు గనుక (ప్రయత్నించారు), వాటికోసం గడ్డి వేసే మనుషులకు అందించడం మొదలుపెట్టింది.

అలాంటి మనుషుల్లో రస్సెల్ ప్రొహాస్కా ఒకడు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. జింకలు వచ్చి మేసేలా అడవిలో మేతమడి వేయాలన్న కోరిక అతనికి పుట్టింది తన కోసం కాదు, మామగారు లెనర్డ్ కోసం. ప్రతి నవంబరులోనూ, జింకల వేటకాలంలో, లెనర్డ్ బురదనేల దాటి తన మంచె దాకా నడిచి వెళ్లేవాడు. కొట్టిన జింక గురించి కొంత, కొట్టని జింకల గురించి మరింత, చలికాలమంతా చెప్పేవాడు. నిరుడు మోకాలు మొరాయించింది. వేట మొదలైన రోజున ఆయన వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, కాఫీ చల్లారబెట్టుకుంటూ, పొద్దుగూకే దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోరు మూయించాలని ఏళ్ల తరబడి ప్రయత్నించి విఫలమైన ఆ ఇంట్లోవాళ్లకు అది చూస్తే భయం వేసింది.

“నాన్న జింక దాకా వెళ్లలేకపోతే జింకనే నాన్న దాకా రప్పించు. నువ్వెలాగూ ఇంట్లో కుర్చీలు అరగదీయడమేగా,” అంది రస్సెల్ భార్య మార్లీస్.

పాత కలపబాట చివర, పికప్ బండి వెళ్లగలిగే చోట, రస్సెల్ చిన్న జాగా చూశాడు. అక్కడి సన్నచెట్లు కొట్టేసి ఎండ పడేలా చేశాడు. మట్టి పరీక్షకు పంపితే పులుపులో వెనిగర్‌కు దగ్గరి చుట్టమని తేలింది. సున్నం బస్తాలు తెచ్చి చల్లాడు. ఇక క్లోవర్ గడ్డి విత్తనం జల్లి, పక్కనే పొట్టి మంచె కట్టడమే మిగిలింది. ఇంతలో అతనిలోని నిజాయితీ నిద్రలేచి, అతన్ని కౌంటీ ఆఫీసుకు తీసుకెళ్లింది.

కిటికీ వెనక గ్రెచెన్ వోల్కర్ అనే అధికారిణి ఉంది.

“మేతమడి దేనికండీ?”

“జింకల కోసం.”

“జింకలు తినడానికా, మీరు జింకల్ని తినడానికా?”

రస్సెల్ కాస్త ఆలోచించాడు. “ముందు అవి, తర్వాత మేము.”

ఆమె నిబంధన వివరించింది. నేల మీద పోసిన గింజ ఎర, కాబట్టి నేరం. మొలిచిన గింజ వ్యవసాయం, కాబట్టి దేశసేవ.

“మరి విత్తనం చల్లినప్పుడు?”

“మొలిచే దాకా ఎర. మొలిచాక వెనకటి తేదీతో వ్యవసాయం.”

“మొలవకముందే జింక తినేస్తే?”

“తప్పు జింకదే. కానీ దాని చిరునామా మా దగ్గర లేదు. మీది ఉంది.”

దరఖాస్తు ‘మేతమిత్ర’ అనే యాప్‌లోనే పెట్టాలట. మడి మధ్యలో నిలబడి మీట నొక్కితేనే అది స్థలాన్ని గుర్తిస్తుంది. అడవిలో సిగ్నల్ ఉండదు. రస్సెల్ మడి అంచునున్న మేపుల్ చెట్టెక్కి, మడి మీదికి చాచిన కొమ్మ మీద పాకుతూ వెళ్లి సిగ్నల్ సంపాదించాడు. మీట నొక్కాడు. ‘మీరు మీ మడికి చాలా ఎత్తున ఉన్నారు. దయచేసి మడిని పైకి తీసుకురండి,’ అని యాప్ మర్యాదగా కోరింది. (ఇది తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు. ‘దయచేసి’ తీసేశారు.)

చివరికి తనిఖీకి కర్టిస్ బెల్మోర్ అనే యువ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మడినంతా చూసి, పక్కనున్న ఓక్ చెట్టు దగ్గర ఆగిపోయాడు.

“దీని కాయలు కింద రాలుతాయి. జింకలు తింటాయి కదా?”

“తింటాయి.”

“ఎవరు నాటారు?”

“ఎవరూ నాటలేదు బాబూ. కౌంటీ పుట్టకముందు నుంచీ ఉంది.”

“అంటే అనుమతి లేకుండానే ఉందన్నమాట,” అని కర్టిస్ రాసుకున్నాడు.

విభాగం తన నిర్ణయం తెలిపింది. ఆ స్థలంలో జింకలు మేస్తున్నట్టు రుజువైతేనే అక్కడ మేత వేయడానికి అనుమతి ఇస్తుంది.

“పిల్లలు పుట్టాక రండి, అప్పుడు పెళ్లికి లైసెన్సు ఇస్తాం అన్నట్టుంది,” అన్నాడు లెనర్డ్. చాలా నెలల తర్వాత ఆయన మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే.

ఆగస్టులో విత్తే అదను దాటిపోతుండగా, స్థలం చూస్తానంటే రస్సెల్ ఆయన్ని బండిలో తీసుకెళ్లాడు. రస్సెల్ కిందకు దిగి సున్నం కలిసిందో లేదో చూసి వెనక్కి తిరిగేసరికి, లెనర్డ్ బండిలో ఉన్న విత్తనం బస్తా విప్పి, కిటికీలోంచి గుప్పెళ్లతో విసురుతున్నాడు.

“ఏం చేస్తున్నారు మామయ్యా?”

“చేతులు దులుపుకుంటున్నా.”

“అంత సేపా?”

“చాలా దుమ్ముందల్లుడూ.”

రెండు మంచి వానలు పడ్డాయి. సెప్టెంబరుకల్లా అక్కడ అక్రమ పచ్చదనం దట్టంగా అలుముకుంది, దాని పక్కనే పొట్టి మంచె లేచింది.

నవంబరులో వేట మొదలైన ఉదయం అల్లుడు మామని మంచె దాకా చెయ్యి పట్టి నడిపించాడు. ఇద్దరూ ఊపిరి తెల్లగా వదులుతూ కూర్చున్నారు. వెలుగు బాగా వచ్చాక, చెట్ల మధ్య నుంచి కొమ్ముల మగజింక ఒకటి అడుగులో అడుగేస్తూ వచ్చి క్లోవర్‌లో తల దించింది. లెనర్డ్ తుపాకీ ఎత్తాడు.

అప్పుడే మడికి అవతల, నారింజరంగు కోటు వేసుకుని, ఫోను రెండు చేతులా పట్టుకుని, కర్టిస్ బెల్మోర్ పొదల్లోంచి బయటికొచ్చాడు. (మడి గరిష్ఠంగా వినియోగంలో ఉన్న రోజునే తుది తనిఖీ జరగాలన్నది విభాగం నియమం.) లెనర్డ్ చటుక్కున తుపాకీ దించేశాడు. జింక మాత్రం తల ఎత్తలేదు. గడ్డి అంత బాగుంది. కడుపు నిండాక తీరిగ్గా అడవిలోకి వెళ్లిపోయింది.

కర్టిస్ మంచె కిందకు వచ్చాడు. “జింకని ఇంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూళ్లేదండీ.”

“ఇన్నాళ్లూ దేన్ని తనిఖీ చేశావు నాయనా?” అన్నాడు లెనర్డ్.

“దరఖాస్తుల్ని.”

లెనర్డ్‌కు కోపం రాలేదు. తిరుగుదారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. బండి రోడ్డెక్కేసరికి ఆయన మాటల్లో జింక కొమ్ములకు రెండు కొత్త చీలికలు మొలిచాయి. ఇల్లు చేరేసరికి అది గుమ్మంలో పట్టేలా లేదు. మార్లీస్ పొయ్యి దగ్గర నిలబడి అంతా విని, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. “ఇక ఈ చలికాలం మన చెవులకి దిక్కులేదు,” అంది సంతోషంగా.

మర్నాడు అనుమతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా చూసినందున, జింక మేస్తున్నట్టు రుజువైంది. మడి ప్రయోజనం: వేట. మంజూరుకు ఆధారం: సదరు మగజింక. సదరు జింక మరణించిన పక్షంలో అనుమతి రద్దవుతుంది, కొట్టిన చెట్లన్నిటినీ దరఖాస్తుదారు యథాస్థానంలో, అదే ఎత్తున తిరిగి నిలబెట్టాలి.

ఆ వేటకాలం ముగిసే దాకా మామా అల్లుళ్లు రోజూ తెల్లారేసరికి తుపాకులతో మంచె ఎక్కి, ఆ జింక జోలికి ఏ వేటగాడూ రాకుండా కాపలా కాశారు.