డమ్మీ అభ్యర్థి

నామినేషన్ల ఉపసంహరణ రోజు పొద్దున మునిరత్నం పెట్టుకున్న పని చాలా చిన్నది. సంగటి తిని, మండలాఫీసుకు వెళ్ళి, విత్‌డ్రా కాగితం మీద సంతకం పెట్టి, మధ్యాహ్నానికల్లా మామిడితోటకు నీళ్ళు కట్టాలి.

దిగువకండ్రిగలో సర్పంచికి ఓటు వేయడమన్నది ఎవరూ ఎరగరు. ఎమ్మెల్యేకూ ఎంపీకీ వేస్తారు గానీ, సర్పంచి మాత్రం ఎప్పుడూ ఏకగ్రీవమే. పెద్దమనుషులు నలుగురు సుబ్బన్న ఇంటి పంచలో కూర్చుని సుబ్బన్నే అంటారు, ఊరు సరేనంటుంది. ఆ సుబ్బన్న మునిరత్నానికి మేనమామ. పరిశీలనలో తన కాగితాలు చెల్లకపోతే తన బదులు ఉంటాడని, ఈసారి మేనల్లుడి చేత డమ్మీ నామినేషన్ వేయించాడు.

దారిలో గేదెల మందలోంచి ఒక ఎనుము అడ్డం వచ్చింది. మోటార్‌సైకిల్ ఒక పక్క, మునిరత్నం ఒక పక్క పడ్డారు. కుడి మణికట్టు బుస్సున పొంగింది. ఆటోవాళ్ళు అతని మాట వినకుండా పుత్తూరుకు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. మోచేతి దాకా బిగించిన ఆ చేత్తో, ఆయాసపడుతూ ఆఫీసు చేరేసరికి గడువు ఇంకా కాస్త మిగిలే ఉంది.

"సంతకం పెట్టప్పా," అన్నాడు అధికారి.

"ఎట్ల పెట్టేది సార్? ఎడమచేతి యేలిముద్ర ఏస్తా."

"యేలిముద్రంటే సాక్షి ఉండాల. పిల్సుకోని రాపో."

మునిరత్నం బయటికి పరుగెత్తి, టీ అంగట్లో తెలిసినవాణ్ణి లాక్కొచ్చాడు. అప్పటికి గడువు దాటిపోయింది. అధికారి గుర్తులు కూడా ఇచ్చేశాడు. సుబ్బన్నకు కత్తెర. మునిరత్నానికి లేడీస్ పర్సు.

"నా మిందే నిలబడినావా అల్లుడా?" అని మాత్రం అడిగి సుబ్బన్న ముఖం తిప్పుకున్నాడు. మునిరత్నానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరికి మొదటిసారి సర్పంచి ఎన్నిక వచ్చింది, అదీ తన చెయ్యి బెణికినందుకు.

"ఇంటింటికీ పోయి నాకెయ్యొద్దని సెప్పుకో," అంది భార్య రుక్మిణమ్మ.

ముందుగా పక్కింటి కుప్పమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, నీకు దండం పెడతా. నాకు మాత్రం ఓటెయ్యొద్దు. మామకెయ్యి."

కుప్పమ్మ అతని కట్టు చూసింది. గొంతు తగ్గించింది. "సెయ్యి ఎవురు ఇరగ్గొట్టినార్రా?"

"ఎవురూ లేదక్కా. ఎనుము అడ్డమొచ్చింది."

"ఎనుమని సెప్పమన్నారా?"

ఎంత కాదంటే అంత నిజమైంది. ఆఖరికి సుబ్బన్న భార్య, అత్త చంద్రకాంతమ్మకు కూడా తనకు ఓటెయ్యొద్దనే చెప్పి ఇల్లు చేరేసరికి, సుబ్బన్న మేనల్లుడి చెయ్యి విరిచి మరీ తిప్పుతున్నాడని ఊరంతా గుప్పుమంది. ఆ పుకారు ఆపుదామని మునిరత్నం మరునాటి నుంచి మామ ప్రచారంలోనే నడిచాడు. సుబ్బన్న ప్రేమగా భుజం మీద చెయ్యి వేస్తే కట్టు కదిలి నొప్పికి "అమ్మా" అని అరిచాడు. అది కూడా అందరూ చూశారు.

ఓట్లు లెక్కపెట్టారు. పర్సు గెలిచింది. కత్తెరకు వచ్చినవి రెండే.

మరునాడు పొద్దున మునిరత్నం మామ పంచలో తల వంచుకుని నిలబడ్డాడు.

"ఊరంతా నీకే ఏసినారు," అన్నాడు సుబ్బన్న పేపరులోంచి తలెత్తకుండా. "నాకు రెండు. ఒగటి నాది, ఒగటి మీ అత్తది. ఆయమ్మన్నా నా పక్కన ఉండాది. అది సాలు."

"అట్లనొద్దు మామా! దేవుని తోడు, నేను నీకే ఏసినాను."

అన్న తర్వాత గానీ తానేమన్నాడో మునిరత్నానికి తెలిసిరాలేదు. నాలుక కరుచుకున్నాడు. సుబ్బన్న వేళ్ళు మడిచి ఒకసారి లెక్క చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా వంటింటి వైపు తిరిగాడు.

"ఇన్నేండ్లలో ఓటు సంగతి నాతో మాట్లాడినోళ్ళే లేరు," అంది చంద్రకాంతమ్మ లోపలి నుంచి. "వద్దని సెప్పేదానికైనా వాడొక్కడే వచ్చినాడు."

కాసేపటికి ఆమె కాఫీ తెచ్చి, మొదటి గ్లాసు సర్పంచికి ఇచ్చింది.