మునిగిన నల్లచేవ

ఆ ఆదివారం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా చెక్కకు చిత్రిక పట్టాలి, భోజనాల వేళకు నాలుగు పలకలు కోయాలి, సాయంత్రానికి భార్య కళ్ళజోళ్ళు దాచుకునే పెట్టెకు ఒక రూపు రావాలి. ఆరు నెలలుగా బాల్కనీలో ఆయన చేసిన వడ్రంగమంతా కలిపితే ఒక కుంటి స్టూలు, తలుపు మూతపడని ఒక చెప్పుల అలమర. మామూలు కలప కాబట్టే అవి అలా వచ్చాయని ఆయన నమ్మకం. అందుకే ముందురోజు కలప అడితికి వెళ్ళి, మూడడుగుల నల్లచేవ చెక్కను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చారు.

దాని సంగతి ఎత్తితే మాస్టారు ఆగేవారు కారు. ఉష్ణదేశాల అడవుల్లో ఆ చెట్టు తాపీగా పెరుగుతుందట. బయటి కలప పాలిపోయి ఉన్నా నడుమ చేవ కాటుకలా నల్లబడుతుందట. ఎండకు కొసలు పగలకుండా అడితిలోనే మైనం పూసి ఇచ్చారు. ఎత్తితే ఇనుములా బరువు, నిమిరితే పట్టులా నునుపు. అలాంటి చెక్క చేతిలో ఉంటే తనకు చేతకానిదంటూ ఉండదని ఆయనకు అనిపించింది.

పొద్దున్నే బావమరిది వచ్చాడు. ఫర్నిచరుకు పాలిష్ వేయడం అతని వృత్తి. చెక్కను గోటితో గీరి, వాసన చూసి, పెదవి విరిచాడు.

"బావగారూ, మిమ్మల్ని నిలువునా ముంచారు. ఇది మామూలు చెక్కే. నల్లరంగు పట్టించి అంటగట్టారు."

బాల్కనీలో బట్టలు ఆరేసుకునే చోటు పోగొట్టుకున్న మాస్టారి భార్యకు ఆ మాట కలిసొచ్చింది. అది రంగే అయితే ఉలీ రంపమూ ఆ పూటే అటకెక్కాలని, తన దండెం మళ్ళీ బాల్కనీలోకి రావాలని తేల్చి చెప్పింది. మాస్టారికి రోషం పొడుచుకొచ్చింది. అసలైన నల్లచేవ నీళ్ళలో తేలదని, మునుగుతుందని, ఇప్పుడే చూపిస్తానని లేచారు.

బకెట్లో పెడితే చెక్క నిటారుగా నిలబడింది. మునిగిందో తేలిందో తేల్చడం ఎవరి వల్లా కాలేదు. దాంతో మాస్టారు చెక్కనూ దండెం తాడునూ తీసుకుని మేడ మీదకు వెళ్ళి, అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్ళిచ్చే సిమెంటు ట్యాంకు మూత తీశారు. చెక్క నడుముకు తాడు కట్టి వదిలారు. బుడుంగుమంటూ అది కనుమరుగైంది. నునుపు మీద ముడి నిలవక తాడొక్కటే తేలిగ్గా పైకొచ్చింది. కానీ ఆ క్షణంలో ఆయనకు తాడు కనపడలేదు. చెక్క మునిగింది, అంతే చాలు. సంబరం పట్టలేక "మునిగింది, మునిగింది" అంటూ మెట్లు దిగసాగారు.

ఆ మాట వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కొంపే. మూడో అంతస్తులో ఉండే నర్సమ్మ కంగారుగా తలుపు తీసి ఏమైందని అడిగింది.

"మన ట్యాంకులోనండీ," అన్నారు మాస్టారు ఆయాసపడుతూ. "నల్లగా, నిగనిగలాడుతూ, ఇంత పొడుగు. వదిలీ వదలగానే మునిగిపోయింది. నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను."

నర్సమ్మ పెంచే కుక్క నల్లగా, నిగనిగలాడుతూ సరిగ్గా అంతే పొడుగుంటుంది. పొద్దుటి నుంచి అది కనపడటం లేదు. దాని అరుపులకు నిద్ర పట్టడం లేదని మాస్టారు చాలాసార్లు ఫిర్యాదు చేసి ఉన్నారు. ఆమె ఆయన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, తలుపు వేసుకుని, ఫైరింజనుకు ఫోన్ చేసింది.

ఈలోగా ఇంటింటా కొళాయిల్లో నల్లనీళ్ళు మొదలయ్యాయి. గడ్డం గీసుకుంటూ మొహం కడుక్కోబోయిన అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు ఒక చెంప తెల్లగా, ఒక చెంప నల్లగా మెట్ల మీదకొచ్చి, ఇది ఎవరి పని అని అడిగాడు. మాస్టారి భార్య ఎవరినీ ఏమీ అడగలేదు. గ్లాసుడు నీళ్ళు పట్టుకొచ్చి భర్త ముందు పెట్టింది.

"ఏమండీ, మీ చెక్క రంగు దిగుతోంది."

మాస్టారి గుండె చెక్క కన్నా వేగంగా మునిగింది. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేవారేమో, ఆవిడ జాలిగా అనడంతో గ్లాసెత్తి వెలుగులో చూడటం మొదలుపెట్టారు.

ఫైరింజను వచ్చింది. మేడ మీద అందరూ పోగయ్యారు. ట్యాంకు ఖాళీ చేస్తుంటే, పైకి తీసేటప్పుడు అంచులు తగలకుండా చూడమని మాస్టారు ఆఫీసరును మెల్లగా వేడుకున్నారు. ఇప్పటికైనా జాలి పుట్టిందా అని నర్సమ్మ వెక్కిళ్ళ మధ్య నిలదీసింది. సరిగ్గా అప్పుడు ఆమె కుక్క తోక ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చింది. నర్సమ్మ దాన్ని పొదివి పట్టుకుని, కాసేపటికి తేరుకుని, మరి లోపల మునిగిందెవరని అడిగింది. అందరూ ట్యాంకు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశారు.

లోపలికి దిగిన మనిషి బురద పట్టిన చెక్కను పైకి అందించాడు. ఆఫీసరు వడ్రంగి కొడుకు. చెక్కను కడిగి, రుమాలుతో గట్టిగా తుడిచి చూశాడు. రుమాలుకు ఏమీ అంటలేదు. జేబులోంచి కత్తి తీసి ఒక మూల చెక్కాడు. లోపలా అదే నలుపు.

"రంగు కాదండీ, అసలు చేవ. నా కత్తి అంచే మడతపడింది చూడండి."

మరి నల్లనీళ్ళు ఎక్కడివని అధ్యక్షుడు గద్దించాడు. లోపలున్న మనిషి ఇక్కడ మోకాలి లోతు నల్లటి బురద ఉందని, చెక్క పడి దాన్ని కదిపిందని అరిచి చెప్పాడు. ఆఫీసరు ట్యాంకు గోడ మీద పెయింటుతో రాసింది పైకి చదివాడు. గత నెలలోనే శుభ్రం చేసినట్టు తేదీ, కింద అధ్యక్షుడి సంతకం. అన్ని తలలూ ఒకేసారి అధ్యక్షుడి వైపు తిరిగాయి. రాయించడం ముందుగా అయిపోయిందని, కడిగించడం ఒక్కటే మిగిలిందని అతను నసిగాడు.

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి ఉంటే నిమిషంలో తెలిసిపోయేదని బావమరిది అప్పుడు నెమ్మదిగా అన్నాడు. ఆ ముక్క పొద్దున్నే ఎందుకు చెప్పలేదని మాస్టారు అడిగారు.

"మీరంత హుషారుగా ఉంటే చెప్పబుద్ధి కాలేదు బావగారూ."

సాయంత్రం సమావేశంలో అధ్యక్షుడు రాజీనామా ఇచ్చాడు. ఎవరికీ తెలియని నిజాన్ని అడుగు నుంచి కదిపిన మనిషిగా మాస్టారి పేరును నర్సమ్మే ప్రతిపాదించింది. ఆ పదవిలో ఉంటే బాల్కనీకి కొంత తెరిపి దొరుకుతుందని లెక్కేసి మాస్టారి భార్య బలపరిచింది. చేతులన్నీ లేచాయి. మాస్టారి ముఖం పొద్దున చెక్క మునిగినప్పటి కన్నా వెలిగిపోయింది.

మర్నాడు కొత్త అధ్యక్షుడి సంతకంతో మొదటి నోటీసు మెట్ల దగ్గర అంటించారు: ట్యాంకు మూత తీయడానికి ఎవరికీ అనుమతి లేదు, అధ్యక్షుడితో సహా.