గట్టు మీద లేచిన సూదెమ్మ

ఒక పెద్ద అడవిలో ఫుట్‌బాల్ పిచ్చి పట్టని జంతువంటూ లేదు. ఆ అడవి పేరు ఎర్రదిబ్బ. వాగుకు అవతల ఇంకో అడవి ఉంది, దాని పేరు నల్లకోన. రెండింటికీ తాగే నీళ్లు ఒకటే, పీల్చే గాలి ఒకటే. పోట్లాడుకోవడానికి ఇంకేదైనా కావలసి వచ్చింది. ఫుట్‌బాల్ దొరికింది.

వాగు ఒడ్డున మైదానాన్ని ఏనుగులు తొక్కి చదును చేశాయి. ఇవతలి గట్టు మీద ఎర్రదిబ్బ అభిమానులూ, వాగుకు అవతలి గట్టు మీద నల్లకోనవాళ్లూ కూర్చుని చూస్తారు. బంతి కోసం అలుగును బతిమాలారు. అది పొలుసుల ఒంటిని ఉండలా చుట్టుకుని పడుకుంటుంది, ఆట ముగిశాక లేచి దుమ్ము దులుపుకుని ఇంటికి పోతుంది. రిఫరీ తాబేలు. బంతి ఉన్న చోటికి అది చేరేసరికి బంతి ఇంకో చోట ఉంటుంది. అందుకని దానికి పక్షపాతం ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఎర్రదిబ్బ అభిమానులకు ఒక నియమం ఉంది. మన జట్టు గోలు వేసిన క్షణంలో ఎవరు ఎలా ఉన్నారో, చివరి ఈల ఊదేదాకా అలాగే ఉండాలి. చెవి గోక్కుంటున్నవాడు గోక్కుంటూనే ఉండాలి. ఆవులిస్తున్నవాడు నోరు మూయకూడదు. ఎప్పుడో ఒక వానాకాలం గట్టు మీద అందరూ బురదలో కూరుకుపోయి కదల్లేకపోయారట. ఆ రోజు జట్టు గెలిచిందట. బురద ఎండిపోయింది, నియమం మిగిలిపోయింది.

ఆ ఏడాది నల్లకోనతో ఆటలో మొదటి గోలు ఎర్రదిబ్బే వేసింది. గట్టంతా ఒక్క కేక వేసి, ఆ కేక వేసిన భంగిమలోనే బిగుసుకుపోయింది.

ఆ బిగుసుకున్నవాళ్లలో సూదెమ్మ ఉంది. ఆవిడ ముళ్లపంది. పుట్టిల్లు నల్లకోన, పెళ్లి చేసుకుని వాగు దాటి వచ్చింది. 'అవతలి గట్టుది' అన్న మాట పడకూడదని ఎర్రదిబ్బకు అందరికంటే గట్టిగా జేజేలు కొట్టేది. కూతురు మొలక ఇక్కడే పుట్టింది. దానికి వాగుకు అవతల ఏముందో కూడా తెలియదు.

"అమ్మా," అంది మొలక, తల్లి చెవిలో.

"ష్... కదలకూడదు తల్లీ."

"అమ్మా, ఆగట్లేదు."

సూదెమ్మ అటూ ఇటూ చూసింది. కాసేపు ఓర్చుకోమంది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక లాభం లేదని, దాన్ని పొదల్లోకి తీసుకుపోదామని మెల్లగా లేచింది. ముళ్లపంది ఎంత మెల్లగా లేచినా పక్కవాడికి తెలియకుండా ఉండదు. పక్కన ఉన్నది ముట్టెప్ప అనే అడవిపంది.

"చచ్చాన్రోయ్!" అని అరిచాడు ముట్టెప్ప.

సరిగ్గా అప్పుడే నల్లకోన గోలు వేసింది. ఆ వెంటనే ఇంకొకటి వేసింది. ఈల మోగింది. ఎర్రదిబ్బ ఓడిపోయింది.

గోలు దగ్గర నిలబడింది భల్లన్న అనే ఎలుగుబంటి. ఆ పొద్దున కడుపునిండా ఇప్పపూలు తిని వచ్చాడు. రెండు గోలులూ పడినప్పుడు గోలు కర్రకు ఆనుకుని గురక పెడుతున్నాడు. గట్టు మీద ఉన్నవాళ్లందరికీ ఆ గురక వినబడింది. కానీ భల్లన్న ఎర్రదిబ్బ వీరుడు. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో సగంమందికి ఆయన పేరే పెట్టారు. పిల్లల పేర్లు మార్చుకోవడం కన్నా ఆ గురకను మరిచిపోవడమే సులువు.

ఓటమి ఎర్రదిబ్బను కుంగదీసింది. కొండముచ్చు తోకకు కట్టుకున్న ఎర్ర తీగ తెంపి పారేసి, ఎవరూ చూడనప్పుడు మళ్లీ కట్టుకుంది. ఏనుగు తనకు మేత సహించడం లేదని చెప్పింది. చెబుతూ ఒక రావి కొమ్మ పూర్తి చేసింది. దుప్పులు ఇక జన్మలో ఆట చూడమని ఒట్టు పెట్టుకుని, తర్వాతి ఆట ఎప్పుడని అడిగాయి. ధవళయ్య అనే కొంగ మాత్రం ఒంటికాలి మీద నిలబడి, "నేను ముందే అనుకున్నాను," అన్నాడు. ఆయన గెలిచినా అదే మాట అనేవాడు.

అందరికంటే పెద్ద చిక్కు జంబయ్యది. జంబయ్య నక్క, అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. గెలుపు ఖాయమని చెప్పి ఊరేగింపుకు ఏనుగును ముందే అలంకరించి ఉంచాడు. ఇప్పుడు ఎటు పోయినా జనం ఆ ఏనుగునూ, తననూ మార్చి మార్చి చూస్తున్నారు. ఆ చూపులు ఎవరి మీదికైనా మళ్లించాలి.

అందుకని ఓదార్పు సభ పెట్టాడు.

"అభిమానులారా! మన జట్టు ఓడలేదు. ఓడించబడింది. ఎవరు చేశారో తేల్చాలి."

గోలు దగ్గర నిలబడే భల్లన్న గబగబా మూతి తుడుచుకున్నాడు.

"మనలో ఎవరో కదిలారు," అన్నాడు జంబయ్య. భల్లన్న హాయిగా ఊపిరి తీసుకున్నాడు.

"ఎవరో కాదు, ఇదిగో సాక్ష్యం!" అని ముట్టెప్ప వెనక్కి తిరిగి చూపించాడు. పిరుదులో ముల్లు ఇంకా అలాగే ఉంది. సాక్ష్యం చెడిపోతుందని పీకనివ్వలేదట.

సభ మొత్తం సూదెమ్మ వైపు తిరిగింది.

"లేచావా అమ్మా?"

"లేచానండీ," అంది సూదెమ్మ. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు.

"ఎందుకు లేచావు?"

సూదెమ్మ ఒళ్లో ఉన్న మొలకను చూసింది. అసలు కారణం చెబితే రేపటి నుంచి అడవిలో పిల్లలందరూ దీన్ని ఏమని పిలుస్తారో ఆవిడకు తెలుసు.

"లేవాలనిపించింది," అంది.

"విన్నారా! లేవాలనిపించిందట!" అన్నాడు ముట్టెప్ప. "పుట్టింటి మీద మమకారం ఎక్కడికి పోతుంది?"

"ముల్లు లేచిన దిక్కూ, గాలి వీచిన దిక్కూ కలిపి చూస్తే," అన్నాడు ధవళయ్య, "బంతి మన గోలులోకి పోక తప్పదు. నేను ముందే అనుకున్నాను."

"బంతినే అడగండి," అన్నారు ఎవరో.

అలుగు తల బయటికి పెట్టింది. "నన్ను రెండు జట్లూ తన్నాయి. నాకు ఎవరి మీదా ప్రత్యేకమైన అభిమానం లేదు," అని మళ్లీ చుట్టుకుంది.

మొలక తల్లి మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది: "అమ్మా, మనవల్లే ఓడామా?"

"నువ్వు కాదు తల్లీ," అంది సూదెమ్మ. 'మనం' కాదని అనడానికి ఆవిడకూ అంత నమ్మకం లేకపోయింది. ఏమో, ఇంకాస్త ఆగి ఉండవలసిందేమో.

సూదెమ్మను పిల్లతో సహా వాగు దాటించాలని కొందరు అన్నారు. కానీ జంబయ్య బుర్రలో అంతకంటే గొప్ప ఉపాయం తట్టింది.

"ఆగండి. ఈవిడ మన గట్టు మీద లేస్తే మనం ఓడిపోయాం. అయితే వాళ్ల గట్టు మీద లేస్తే ఎవరు ఓడిపోతారు?"

సభ నోరు వెళ్లబెట్టింది. తర్వాత చప్పట్లు మోగాయి.

"నల్లకోనతో మళ్లీ ఆడే ఎదురు ఆటలో ఈవిడ వాళ్ల గట్టు మీద కూర్చుంటుంది. లేస్తుంది, కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. మనం గెలిస్తే తప్పు మాఫీ. ఓడితే, తల్లీ పిల్లా అటునుంచి అటే."

సూదెమ్మ తలూపింది. ఇంతకంటే మంచి తీర్పు దొరకదని ఆవిడకు తెలుసు. కూతురు పుట్టిన పొదను ఎలాగైనా నిలబెట్టుకోవాలి.

ఎదురు ఆట రోజు వచ్చింది. ఎర్రదిబ్బ ఈసారి గోలు దాకా కూడా ఆగలేదు. మొదటి ఈలతోనే గట్టంతా బిగుసుకుపోయింది. ఏనుగు పాపం అప్పుడే ఒక కాలు ఎత్తింది. ఇక దించలేదు.

మైదానంలో జట్టు కూడా నిమ్మళంగా ఉంది.

"పరుగెత్తవేంరా?" అని దుప్పి లేడిని అడిగింది.

"ఎందుకన్నా ఆయాసం? ఆవిడ లేస్తుందిగా."

భల్లన్నకు ఆ ధీమా ఇంకా ఎక్కువ. రెట్టింపు ఇప్పపూలు తిని, ఈసారి గోలు కర్రకు ఆనుకోవడం కూడా దండగని నేల మీదే పడుకున్నాడు.

అవతలి గట్టు మీద సూదెమ్మ మొలకను పక్కన కూర్చోబెట్టి, ఒళ్లు దాచుకోకుండా లేచింది. నల్లకోన గోలు వేసింది. కంగారుగా కూర్చుని మళ్లీ లేచింది. ఇంకో గోలు. సరిగ్గా లేవలేదేమోనని ముళ్లన్నీ నిక్కబొడుచుకుని లేచింది. మరో గోలు. గోలులు ఎన్నో లెక్క తప్పి తాబేలు ఈల నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

మొదట్లో ముళ్లు గుచ్చుకుని తిట్టిన నల్లకోనవాళ్లు కాసేపటికి చేతులు జోడించారు.

"ఇంకొక్కసారి లేవమ్మా! ఎంతైనా మా ఆడపడుచువి! ఇక్కడే ఉండిపో తల్లీ, గట్టు మీద నీకు మెత్తటి గడ్డి పరుస్తాం!"

చివరి ఈల మోగింది. గెలిచినవాళ్లకిచ్చే కంచు గంట కప్పు నల్లకోనకు పోయింది. ఎర్రదిబ్బ గట్టు మీద మాత్రం ఇంకా ఎవరూ కదల్లేదు. అలవాటైపోయింది.

మొదట తేరుకున్నవాడు ముట్టెప్ప. "మాట ప్రకారం ఆవిడ అటునుంచి అటే! పీడ విరగడైంది!"

జంబయ్య మొహంలో రంగు మారింది. "ఒరేయ్ మొద్దూ! ఆవిడ అక్కడే ఉంటే, ప్రతి ఆటలోనూ లేస్తుందిరా!"

ఆ మాట గట్టంతా పాకింది. మరుక్షణం జంబయ్య ముందు, అడవి అంతా వెనక, వాగులో పడి అవతలికి పరుగు తీశారు.

"మా కోడల్ని మాకు ఇవ్వండి!" అన్నాడు జంబయ్య.

"కోడలా? మొన్న అవతలి గట్టుది అన్నారట! మా ఆడపడుచు మా దగ్గరే ఉంటుంది!" అంది నల్లకోన.

"తప్పైపోయింది తల్లీ," అని జంబయ్య సూదెమ్మ కాళ్ల మీద పడబోయి, ముళ్లు చూసి కాస్త దూరంలో పడ్డాడు. "నీ పొద నీదే, నీ పిల్ల మా పిల్ల. ఒక్కటి చెప్పు. ఆ మొదటి రోజు ఏ మంత్రం చదివి లేచావు?"

మొలక తల్లి ఒళ్లోంచి దూకి ముందుకు వచ్చింది.

"మంత్రం కాదు. నాకు ఒంటేలు వచ్చింది. అందుకే మా అమ్మ లేచింది."

ఎవరైనా నవ్వుతారేమోనని సూదెమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఎవరూ నవ్వలేదు.

"నాకు కూడా..." అంది ఏనుగు, చాలా చిన్న గొంతుతో. "మొదటి ఈల నుంచీ."

"నాకైతే పోయిన ఆట నుంచీ," అంది కొండముచ్చు.

ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అంతే, ఎర్రదిబ్బ మొత్తం పొదల వైపు పరుగెత్తింది. అధ్యక్షుడు అందరికంటే ముందున్నాడు. "నేను ముందే అనుకున్నాను," అంటూ ధవళయ్య రెండు కాళ్లూ వాడాడు.

సూదెమ్మ కూతురి చెయ్యి పట్టుకుని తన పొదకు బయలుదేరింది. మంత్రమేదీ లేదని తేలాక నల్లకోనవాళ్లు కూడా ఆపలేదు. దారిలో గోలు దగ్గర భల్లన్న ఒళ్లు విరుచుకుంటూ లేచి కూర్చున్నాడు.

"ఏమ్మా సూదెమ్మా, ఆట అయిపోయిందా? ఎవరు గెలిచారు?"

ఆవిడ జవాబు చెప్పేలోగా పొదల్లోంచి తేలికపడ్డ గొంతులు ఒక్కసారి అరిచాయి: "నీ తప్పేం లేదు భల్లన్నా! నువ్వు బాగా ఆడావు!"

కాబట్టి పిల్లలూ, ఓడిపోయినప్పుడు కారణాన్ని గోలు దగ్గర తప్ప ఎక్కడైనా వెతకండి. దొరికినవాళ్లను మాత్రం ఎదుటి గట్టుకు అప్పగించకండి.