కూత మానేసిన పుంజుకి నా కృతజ్ఞతలు

మా ఇంటి వెనక సర్కారు అడవిలో టర్కీ పుంజులు కూయడం మానేశాయి. ఊళ్ళో మగవాళ్ళంతా దీని గురించి తెగ బాధపడిపోతున్నారు. నన్నడిగితే, ఈ ఓజార్క్ కొండల్లో ముప్ఫై ఏళ్ళుగా ఇంతకన్నా మంచి పని జరగలేదు.

ఎలాగంటారా? పూర్వం ఏప్రిల్ నెలలో తెల్లవారుతుండగా గట్టు మీద పుంజు ఒక్క కూత కూస్తే నా వంటింటి కిటికీ అద్దం అదిరేది. మా ఆయన డెల్మర్ తుపాకి పట్టుకుని వెళ్ళేవాడు. చెట్టుకి ఆనుకుని కూర్చుని పెట్టలా రెండుసార్లు మెల్లగా పిలిస్తే పుంజే వెతుక్కుంటూ వచ్చేది. ఏడింటికల్లా పక్షిని భుజాన వేసుకుని తిరిగొచ్చి, ఇక సాయంత్రం దాకా సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఇప్పుడో? మూడు వారాల సీజన్లో మధ్యాహ్నం ఒంటిగంటకి వేట ముగిసేదాకా ఇంట్లో కనిపించడు. నాలుగేళ్ళుగా ఒక్క పక్షినీ తేలేదు. ఈకలు పీకే పని లేదు, నేల మీద నెత్తురు తుడిచే పని లేదు. ఏ ఇల్లాలు కాదంటుంది?

పైగా అడవికి ఎంత కళ వచ్చిందో చూడండి! కంకర పరిచిన ఆ చిన్న పార్కింగ్ స్థలంలో మొన్న పద్నాలుగు పికప్ ట్రక్కులు లెక్కపెట్టాను. చీకటి విడకముందే పద్నాలుగు మందీ గుడ్లగూబల్లా అరుస్తారు. గుడ్లగూబ అరుపు వింటే పుంజు చిరాకుపడి బదులు కూస్తుందని, దాంతో అది ఏ కొమ్మ మీదుందో తెలుస్తుందని వాళ్ళ లెక్క. అసలు గుడ్లగూబలు ఈ గోల భరించలేక రెండేళ్ళ క్రితమే వాగు అవతలికి వెళ్ళిపోయాయి.

తరవాత పద్నాలుగు మందీ పెట్టలైపోతారు. పాపం, పుంజు సంగతి ఆలోచించండి. కళ్ళు తెరిచేసరికి నాలుగు దిక్కులా పద్నాలుగు పెట్టలు, అన్నిటికీ పొగాకు నమిలిన గొంతులే, అన్నీ విరహంతో ఛస్తున్నవే. మూడు వారాలు ఇదే వరస. దానికున్నది వేరుశనగ గింజంత బుర్ర అంటారు గానీ, ఆ కాస్త బుర్రతోనే అది విషయం కనిపెట్టింది. నోరు మూసుకుంది. కొమ్మకి అవతలి వైపు నుంచి చప్పుడు కాకుండా దిగి తన దారిన తను పోతోంది. దీన్ని మావాళ్ళు “పక్షులు చెడిపోయాయి” అంటారు.

ఈ మౌనం వల్ల మగవాళ్ళకి చదువు కూడా అబ్బింది. మా ఆయన దగ్గర పెట్టలా పిలిచే పరికరాలు పదకొండున్నాయి. వాటిలో పట్టపురాణి అంగిట్లో అంటించుకునే రబ్బరు బిళ్ళ. అది నోట్లో ఉంటే పెట్ట గొంతు వస్తుంది, మనిషి మాట రాదు. మార్చి మొదటి తారీఖున నోట్లో పెట్టాడంటే మే నెలలో తీస్తాడు. ట్రక్కులో సాధన, స్నానాల గదిలో సాధన. వాళ్ళ మేనమామ అంత్యక్రియల్లో బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

“డెల్మర్, సింకులో నీళ్ళు దిగడంలేదు” అంటాను.

“క్యోక్” అంటాడు.

ఒక క్యోక్ అంటే వింటున్నానని, రెండంటే తరవాత చూద్దామని. మూడు క్యోక్‌లంటే సంభాషణ ముగిసిందని. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఇంత స్పష్టంగా మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

స్నేహాలు కూడా పెరిగాయి. పోయినేడు ఆయన ఒక పెట్టతో నలభై నిమిషాలు సరససంభాషణ జరిపాడు. ఆయన పిలిస్తే అది బదులు పలుకుతుంది, అది మూలిగితే ఈయన మూలుగుతాడు. ఆ పెట్ట వెంట పుంజు తప్పక ఉంటుందని చెట్టు చాటునే ఎదురుచూశాడు. చివరికి పొద మీదుగా ఒక టోపీ లేచింది. చర్చిలో చందా పళ్ళెం తిప్పే రాయిస్ టాకెట్.

“నువ్వటయ్యా ఆ పెట్టవి?” అన్నాడు రాయిస్.

“నువ్వు కాదూ?” అన్నాడు మా ఆయన.

“ఆ చివర్న మూలిగావు చూడూ, నా గుండె ఆగిపోయిందనుకో.”

ఆ రోజు నుంచి చర్చిలో ఇద్దరూ వేరువేరు బెంచీల్లో కూర్చుంటున్నారు.

ఇన్ని మేళ్ళలో నాకు మాత్రం ఒక చిన్న చిక్కు ఉండేది. ఆ నోరు మూసుకున్న పుంజు ఎటు పోతుందో నాకు తెలుసు. బట్టలారేసే తీగ వెనక మా కంచె, కంచె దాటితే సర్కారు వైపు పాడుపడ్డ ఆపిల్ చెట్లు. పదకొండు ప్రాంతాల, చాలామంది విసిగిపోయి ఊళ్ళోకి టిఫిన్‌కి వెళ్ళాక, ఆ చెట్ల కిందుగా చప్పుడు లేకుండా నడిచిపోతుంది. అంట్లు తోముతూ మూడు వసంతాలుగా చూస్తున్నాను. మూడు వసంతాలుగా ఆయనకి చెబుతున్నాను. మూడు క్యోక్‌లు.

ఈసారి సీజన్ ఆఖరి శనివారం మాత్రం బిళ్ళ తీసి మరీ జవాబిచ్చాడు.

“లీథా, కూయని పక్షి అక్కడ లేనట్టే. నీకు కనిపించేది ఏ రాబందో అయ్యుంటుంది.”

రాబందట! ఏడేళ్ళ వయసు నుంచి మా అమ్మ వెంట వేటకి వెళ్ళిన దాన్ని. అమ్మ తుపాకి నా బట్టల బీరువాలోనే ఉంది. వేట పర్మిట్ మూడేళ్ళుగా కొంటున్నాను, ఆప్రాన్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆయన వింటే పక్షి ఆయనది అనుకున్నాను. వినలేదు. ఆ సాయంత్రమే పక్క కౌంటీ వేటగాళ్ళిద్దరు కంచె దగ్గర నిలబడి ఆపిల్ చెట్ల వైపు చూపులు పోనిచ్చారు.

“అటేమైనా పక్షులున్నాయా అమ్మా?” అన్నాడు ఒకడు.

“పాములున్నాయి నాయనా. మా కుక్క అక్కడే పోయింది.”

మాకు కుక్కే లేదు. వాళ్ళు వెళ్ళిపోయారు గానీ, మళ్ళీ రారని ఏముంది? మిగిలింది ఒక్క ఆదివారం పూట, అదీ ఒంటిగంట దాకా.

ఆదివారం చర్చి ఎగ్గొట్టాను. తొమ్మిదిన్నరకి కంచె దాటి, బకెట్ బోర్లించి, ఆపిల్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. పిలవలేదు, గుడ్లగూబలా అరవలేదు. గట్టు అవతల మా ఆయన పెట్ట గొంతుతో ప్రాధేయపడుతుంటే, ఇంకెవడో అంతే ప్రేమగా బదులిస్తున్నాడు. మోకాళ్ళు పట్టేశాయి, చెవి మీద దోమ కుట్టింది. కదల్లేదు. పిలిచినా పలకని చోట ఓపిగ్గా కూర్చోవడం నాకు కొత్త కాదు కదా.

పదకొండుంపావుకి ఎండుటాకు నలిగింది. ఎర్రటి మెడ, తెల్లటి నెత్తి, రొమ్ము మీద జానెడు కుచ్చు. ఆగింది. విన్నది. దాన్ని ఎవరూ పిలవలేదు. ఎవరూ పిలవలేదన్న ధైర్యంతోనే ఇంకో మూడడుగులు వేసింది.

అమ్మ తుపాకి ఒక్కసారే పేలింది.

ఒంటిగంటన్నరకి మా ఆయన వచ్చాడు. బట్టల తీగ గుంజకి తలకిందులుగా వేలాడుతున్న పుంజుని చూశాడు. బిళ్ళ దానంతటదే నోట్లోంచి ఊడి అరచేతిలో పడింది.

“ఎవరు కొట్టారిది?”

కిటికీ గూట్లో సాసరులో ఆయన స్పేరు బిళ్ళ ఉంటుంది. కడుక్కుని అంగిట్లో అంటించుకున్నాను.

“క్యోక్” అన్నాను.

“నువ్వా? ఎక్కడ?”

“క్యోక్, క్యోక్.”

నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. రాయిస్ గురించి చెప్పాడు, తన తల్లి గురించి చెప్పాడు. నాలుగేళ్ళుగా ఖాళీ చేతులతో రావడానికి సిగ్గేసి అడవిలోనే ఒంటిగంట దాకా కూర్చుంటున్నానని చెప్పాడు. ఇంత మాట ఆ నోట పెళ్ళినాటి నుంచి వినలేదు. నేను పిలవలేదు. తల కూడా తిప్పలేదు.

ఆఖరికి, “ఆపిల్ చెట్ల దగ్గరే కదూ” అన్నాడు చిన్న గొంతుతో. “నువ్వు చెప్పావు. మూడేళ్ళుగా చెబుతున్నావు.”

అని వంటింట్లోకి, నా వైపు, మూడడుగులు వేశాడు.

నేనింకా బిళ్ళ తియ్యలేదు.