కప్ప చెప్పిన పథ్యం

మా పరిశోధనాలయంలోని పన్నెండు కప్పలు మానవాళికి మహోపకారం చేశాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ సంగతి కప్పలకు తెలియదు. పరిశోధకురాలికి కూడా పేపరు చూశాకే తెలిసింది.

ఆరేళ్లుగా ఆమె చేస్తున్నది ఒకటే పని. కప్పకు ఒక రకం చక్కెర ఎక్కించడం, అరగంటాగి చుక్క రక్తం తీసి, ఇన్సులిన్ ఎంత విడుదలైందో కొలవడం. గ్లూకోజు ఎక్కిస్తే ఇన్సులిన్ గబగబా పెరిగింది. పండ్ల చక్కెరకు కదల్లేదు. ఈ రెండు ముక్కలూ రాసి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టింది.

డైరెక్టరు గారికి ఇరవయ్యేళ్లుగా షుగరు. మిఠాయంటే ప్రాణం. రెండో ముక్క చదివేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

"అంటే పండ్ల చక్కెర తింటే ఏమీ కాదన్నమాట!"

"అలా కాదు సార్. ఇన్సులిన్ రాలేదంటే మంచిదని కాదు. పైగా ఇది కప్పల్లో."

"కప్పకే ఏమీ కానిది, ఇంత ఒళ్లున్న మనిషికేమవుతుందమ్మా?"

ఈ తర్కానికి ఎదురు చెప్పే పోస్టు సంస్థలో మంజూరు కాలేదు. మర్నాడే పేపర్లో ప్రకటన వేయించి, సభ పెట్టారు. "నీటిలోనూ నేలమీదా బతికే ఈ మహాజీవి, పథ్యానికీ రుచికీ మధ్య వంతెన వేసింది!" అని డైరెక్టరు గారు గర్జించి, పండ్ల చక్కెరతో చేయించిన మిఠాయి డబ్బాలు అమ్మకానికి విడుదల చేసి, తొలి మిఠాయి తానే నోట్లో వేసుకున్నారు. పరిశోధకురాలు మైకు అందుకునేలోపు వందన సమర్పణ మొదలైంది.

ఆమె పత్రికకు సవరణ పంపింది. దాన్ని ఏడో పేజీలో, తప్పిపోయిన కుక్క ప్రకటన కింద వేశారు. కుక్క దొరికింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే, షుగరున్న తల్లి వంటింట్లో ఏదో డబ్బా కొంగు చాటున దాస్తోంది.

"ఏంటమ్మా అది?"

"నీ కప్పల మిఠాయేనే! మా పిల్ల కనిపెట్టిందని వీధంతా చెప్పాను."

"అది తప్పని నేనే రాశాను కదా! చదవలేదా?"

"చదివాను. చిన్నప్పట్నించీ నువ్వింతే. ఎవరైనా మెచ్చుకుంటే భయం నీకు."

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డబ్బా లాక్కుంది. తల్లి రెండు రోజులు అలిగింది గానీ, క్షేమంగా ఉంది.

డైరెక్టరు గారి చేతిలోంచి డబ్బా లాక్కునేవాళ్లు లేరు. మూడో వారం కుర్చీలోనే సొమ్మసిల్లారు. తెలివి రాగానే ఆస్పత్రి మంచం మీద నుంచే విచారణకు ఆదేశించారు. మానవాళిని తప్పుదోవ పట్టించినందుకు తమపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లోగా తెలపాలని పన్నెండు కప్పలకూ మెమోలు జారీ అయ్యాయి. గడువులోగా సంజాయిషీ అందనందున కప్పలను విధుల నుంచి తొలగించి, ప్రయోగశాలకు తాళం వేశారు.

తన పుస్తకాలు తీసుకుపోదామని వచ్చిన పరిశోధకురాలికి గేటు దగ్గర జనం కనిపించారు. తిట్టడానికే వచ్చారనుకుని ఆమె తల దించుకుంది. ముందు నిలబడ్డ పెద్దాయన చేతులు జోడించాడు.

"అమ్మా, జరిగిందేదో జరిగింది. ఆ కప్పల్నొదిలేయండి. తినొచ్చని చెప్పే జంతువు ఇంకేదైనా ఉందేమో చూడండి. మేం ఆగుతాం."