ఏరి ఏరి ఒక జింకల ఏరియా

వేటకి వెళ్ళేవాడు అమాయకుడండీ. వేటకి ఏరియా ఎంచుకుంటూ ఇంట్లో కూర్చునేవాడే అసలైన వేటగాడు!

టెక్సస్‌లోని ప్లేనోలో మేం ముగ్గురం, నేనూ, గోపాల్, కిరణ్‌కుమార్, నాలుగేళ్ళుగా ఇదే వేటలో ఉన్నాం. వయోమింగ్ వెళ్ళి, ప్రభుత్వ భూమిలో టెంట్ వేసుకుని, యాంటిలోప్ అనే జింకని కొట్టాలి. నాలుగో మెంబరు మా ఆవిడ గిరిజ. గురి ఉన్నది ఆవిడకొక్కదానికే. మిగతా ముగ్గురికీ ఉన్నది గురక.

అక్కడి నేలని నంబర్లేసి ఏరియాలుగా విడగొట్టారు. ఒక ఏరియా ఎంచుకుని, అందరూ కలిసి ఒక అప్లికేషన్ పెడితే లాటరీ తీస్తారు. పేరొస్తే వేటాడొచ్చు. ఇందులో కష్టమల్లా ఆ ‘ఒక’ అన్న మాటే.

మేం ఏరియాని ఎలా ఏరతామో తెలుసా? ఇల్లు కొన్నట్టు! కిరణ్‌కుమార్ ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. గోపాల్ పెదవి విరుస్తాడు. “అన్నా, ఏరియా మంచిదేగానీ చుట్టూ ప్రైవేట్ రాంచ్‌లున్నయ్. దారి లేని ప్లాట్ ఎవడు తీస్కుంటడు?” పాయింటే కదా! ఇంకోదానికి దారుంది, నీడ లేదు. మరోదానికి దారీ ఉంది, నీడా ఉంది, జింకలే లేవు. మా షీట్‌లో టాప్ రేటింగ్ దానికే.

తర్వాత వారాలు. గోపాల్ శనివారం ముక్క ముట్టడు. కిరణ్‌కుమార్‌కి సోమవారం, గురువారం నిషిద్ధం. నాకు మంగళవారం ఆంజనేయస్వామి. నవరాత్రులు ఎలాగూ కొట్టేయాలి.

“మిగిలింది బుధ, శుక్ర, ఆదివారాలు. ఆ మూడు రోజులూ జింకలు ఏ ఏరియాలో తిరుగుతాయో డేటా కావాలి” అన్నాడు కిరణ్‌కుమార్.

“తినడానికి వారం సరే, కొట్టడానికి కూడానా? ఐస్ బాక్స్ ఎందుకుంది?” అంది గిరిజ.

ఆ ప్రశ్న మీద కూడా గ్రూప్‌లో పోల్ పెట్టాం.

అయినా ఎన్ని లాభాలో చూడండి! దోమ కుట్టదు, చలి కొట్టదు. జింకలకి మేమంటే జంకే లేదు. భూతదయ అంటే ఇంతకన్నా ఏముంటుంది? ఏటా జూన్‌లో గడువు దాటిపోతుంది, ఏటా మా స్నేహం గట్టిపడుతుంది. వేట కుదరకపోతేనేం, ఓటుకి లోటు లేదు!

ఈ ఏడాది గడువు చివరి రోజు, లంచ్ టైమ్‌లో గిరిజ అడిగింది. “తేలిందా?”

“రెండిటి దాకా వచ్చాం. సాయంత్రం పోల్.”

“నాలుగేళ్ళ నుంచి షూటింగ్ రేంజ్‌కెళ్ళి అట్టముక్కల్ని కొడుతున్నా. ఇంకో ఏడాది కొట్టలేను” అంది.

వయోమింగ్‌లో వేట పర్మిట్లిచ్చే ఆఫీస్‌కి ఫోన్ చేసింది. రెండే ప్రశ్నలు. రోడ్డుందా? జింకలున్నాయా? ఐదు నిమిషాల్లో ఒక్కతే అప్లై చేసేసింది. లేడికి లేచిందే పరుగంటారు, మా లేడీకీ అంతే! లాటరీలో ఆవిడ పేరొచ్చింది. మా పోల్ టై అయింది, రెండిటికీ ఓటేసింది నేనే.

సెప్టెంబర్‌లో ఆవిడ సామాను సర్దుతుంటే, “నేనూ రానా?” అన్నాను.

“రా. వంట నీది. ఎక్కడికి అని మాత్రం అడక్కు.”

అడగలేదు. పక్క సీట్లో గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దిగింది చెట్టన్నది లేని చోట. గాలికి టెంట్ నాతో కుస్తీ పట్టింది. మా షీట్‌లో అయితే ఆ ఏరియాకి అట్టడుగు ర్యాంక్ వచ్చుండేది. రెండో రోజు పొద్దున్నే గిరిజ ఒకే ఒక్క గుండుతో జింకని పడగొట్టింది. ఆ సాయంత్రం ఇద్దరం టీ తాగుతూ కూర్చుంటే, ఎదురుగా మరో మంద తాపీగా మేస్తూ పోయింది. నాలుగేళ్ళు ఏం చూద్దామని లాప్‌టాప్ ముందు కూర్చున్నానో గుర్తు రాలేదు.

అంతలో ఫోన్ మోగింది. గోపాల్ మెసేజ్. “అన్నా, ఏ ఏరియా? లొకేషన్ పంపు, షీట్‌లో ఎక్కిద్దాం.”

“సిగ్నల్ లేదు” అని ఆ క్షణమే రిప్లై కొట్టాను.