బడ్డీ బ్రైట్ గొంతుకేమైంది

టొలీడో రేడియో స్టేషను పెద్దలారా, దొంగలు మీరు. మైకు మీది, రికార్డులు మీవి, మేడ మీది, మేడ మీద ఏరియల్ స్తంభమూ మీదే. ఎవరూ కాదనలేదు. కానీ ఒక మనిషి తొమ్మిదేళ్ళు ఊపిరి పోసి పెంచిన పేరును, అతన్ని గెంటేసిన మర్నాడే ఇంకొకడికి తొడిగారే, దాన్ని దొంగతనం అనక ఏమంటారు?

1959 మార్చి రెండు, సోమవారం. కాసిమిర్ నోవిట్స్కీ తెల్లవారుజామున గడ్డం గీసుకుంటూ ఒకే ఒక్క సంగతి అనుకున్నాడు: బుధవారానికి సెలవడగాలి. ఆ రోజు సెయింట్ కాసిమిర్ రోజు, అంటే అతని పేరు పండుగ. పోలిష్ ఇళ్ళలో పుట్టినరోజు కన్నా అదే పెద్దది. భార్య హెలెనా గసగసాల కేకు చేస్తానంది. తొమ్మిదేళ్ళుగా పొద్దున ఆరు నుంచి పది దాకా అతను స్టేషన్లో ‘బడ్డీ బ్రైట్’ అయి, రికార్డులు తిప్పుతూ, ఊరినంతా నవ్విస్తూ నిద్ర లేపుతున్నాడు. ఆ బడ్డీ తానేనని బయట చెప్పకూడదని ఒప్పందం. తానుండే లాగ్రాంజ్ వీధిలో మాత్రం అతను పోలిష్‌లో గొణుక్కునే, ఎక్కడో గుమాస్తాగిరీ చేసే కాసిమిర్. అసలు సంగతి హెలెనాకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఎవరి పేరు పండుగ?" అన్నాడు మేనేజరు క్లెమ్.

"నాదేనండి. కాసిమిర్‌ది."

"ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ పనిచెయ్యట్లేదే. బడ్డీ బ్రైట్ సెలవు పెట్టడు. నీకు కావాలంటే బుధవారమేం ఖర్మ, అన్ని వారాలూ తీసుకో."

"మరి పొద్దుటి షో?"

"బడ్డీ చేస్తాడు. ఓమహా నుంచి ఒకణ్ణి పిలిపిస్తున్నా. ఒప్పందంలో ఏడో షరతు చదువుకో, ఆ పేరు స్టేషన్‌ది. డాలస్‌లో ఎనిమిదిమందితో పాడించిన జింగిల్ పాటలో కూడా బడ్డీ అనే ఉంది. జింగిల్ మార్చడం కన్నా మనిషిని మార్చడం తేలిక."

మంగళవారం ఆరింటికి జింగిల్ మోగింది. దాని వెనకాల ఓమహా నుంచి వచ్చిన డ్వేన్, చిల్లుపడ్డ ఈల లాంటి గొంతుతో, "నేనే మీ బడ్డీని" అన్నాడు. షోకి వచ్చిన మొదటి ఫోనులోనే ఒకావిడ, "గొంతుకేమైంది నాయనా?" అనడిగింది. డ్వేన్ కంగారులో "జలుబండీ" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. పది గంటలకల్లా స్టేషను వరండాలో ఊరివాళ్ళు తెచ్చిన తేనె సీసాలు, ఛాతీకి రాసుకునే బాతుకొవ్వు డబ్బాలు, ఆవపిండి పట్టీలు గుట్టపడ్డాయి. పదిన్నరకు దగ్గుమందు కంపెనీ యజమాని ఫోను చేశాడు. బడ్డీ షోకి ప్రకటనలిచ్చేది ఆయనే.

"మా మందు రోజూ తాగుతానని తొమ్మిదేళ్ళుగా చెప్తున్నాడు కదయ్యా. తాగేవాడి గొంతే పోతే నా సీసా ఎవడు కొంటాడు?"

"జలుబు కాదండీ," అన్నాడు క్లెమ్.

"మరేంటి?"

క్లెమ్ గోడ వంక చూశాడు. గోడ ఏమీ చెప్పలేదు. "ఆపరేషన్ అండీ," అన్నాడు.

బుధవారం పొద్దున డ్వేన్ ఆపరేషన్ కబురు చదివాడు. నిజమనిపించాలని నీరసంగా చదివాడు. మరీ నీరసంగా చదివాడు. బడ్డీ ఇవాళో రేపో అని ఊరు తేల్చేసింది.

ఎనిమిదింటికి హెలెనా కేకు కోసింది. తలుపు తెరుచుకుని, నిన్ననే స్టేషనుకు తేనె సీసా ఇచ్చొచ్చిన ప్రాక్సెడా పెద్దమ్మ, వెనకాల జపమాలలతో పదిమంది ఆడవాళ్ళు లోపలికొచ్చారు. వీధిలో పెద్ద రేడియో కాసిమిర్ ఇంట్లోనే ఉంది.

"అక్కడ బడ్డీ చచ్చిపోతుంటే నీకు కేకెలా దిగుతోందిరా?"

"పెద్దమ్మా, ఇవాళ నా పేరు పండుగ."

"నీ పేరెక్కడికీ పోదులే. మోకాళ్ళ మీద కూర్చో."

కాసిమిర్ కేకు ముక్క పక్కన పెట్టాడు. "పెద్దమ్మా, బడ్డీని నేనే."

"పొద్దున్నే పట్టించావా?"

అతను లేచి నిలబడి, తొమ్మిదేళ్ళ నాటి ఆ గొంతు తీశాడు. "లేవండి టొలీడో, దుప్పటి తన్నండి, కాఫీ పెట్టండి."

పదిమందీ నోళ్ళు తెరిచారు. సరిగ్గా అప్పుడే రేడియోలో జింగిల్ మోగి, "నేనే మీ బడ్డీని" అని మూలుగు వినిపించింది.

"అదిగో, ప్రాణం ఉంది," అంది పెద్దమ్మ. జపమాలతో కాసిమిర్ వీపు మీద ఒకటి వేసింది. "మంచంలో ఉన్నవాణ్ణి వెక్కిరిస్తావురా, సిగ్గులేనోడా?"

ఆ పాట్లలో ఉండగానే క్లెమ్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. "బడ్డీ, ఒక్క గంట రావయ్యా. మందు కంపెనీ ఆయన స్టూడియోలో కూర్చున్నాడు. నయమైన గొంతు వింటేగానీ లేవనంటున్నాడు."

పెద్దమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. "వీణ్ణి ఏమని పిలిచావు?"

క్లెమ్ నాలుక కరుచుకున్నాడు.

"బడ్డీ మీ ఆస్తి కదండీ," అన్నాడు కాసిమిర్. "మీ ఆస్తికి రిపేరు మీరే చేయించుకోండి."

"ఏం కావాలి నీకు?"

"ఏడో షరతు కొట్టేసి, పేరు నాకు రాసివ్వండి."

"మైకు ముందు కూర్చో, రాసిస్తా," అన్నాడు క్లెమ్. కాసిమిర్ వెళ్ళి కూర్చుని, బడ్డీ గొంతుతో షో మొదలుపెట్టాడు. అరగంట గడిచింది, కాగితం రాలేదు. అద్దం అవతల క్లెమ్ గడియారం చూసుకుంటున్నాడు. కాసిమిర్‌కు ఒళ్ళు మండి మైకు దగ్గరకు లాక్కున్నాడు. "మీ బడ్డీ బ్రైట్ అసలు పేరు కాసిమిర్ నోవిట్స్కీ. నాకు జలుబు లేదు, ఆపరేషన్ లేదు. ఉద్యోగం లేదు."

క్లెమ్ జింగిల్ వేసి అతని నోరు మూశాడు. ఫోన్లు మాత్రం మూయలేకపోయాడు. ఊరంతా ఒకటే మాట: "ఈ కాసిమిర్ ఎవడు? బడ్డీ గొంతు దొంగిలించాడు, వాణ్ణి పోలీసులకు పట్టించండి." మధ్యాహ్నానికి రేడియోలో డ్వేన్ కోలుకున్నాడు. దగ్గుమందు కంపెనీ, ఒక్క సీసాతో ఆపరేషన్ చేసిన గొంతు కూడా నయమైందని ప్రకటించుకుంది. తొమ్మిదేళ్ళు బడ్డీగా బతికినవాడు బడ్డీ దొంగగా ఇంటికొచ్చాడు.

కాబట్టి పెద్దలారా, ఏడో షరతు ఇవాళే కొట్టెయ్యండి. ఈ ఊళ్ళోనే కాదు, మైకున్న ప్రతిచోటా. మనిషిని పంపేస్తే పేరునూ అతని వెంట పంపండి. ప్రాక్సెడా పెద్దమ్మ మీ మెట్ల మీదే కూర్చుని ఉంది, ఆవిడ తేనె సీసా కూడా తిరిగిచ్చెయ్యండి. అది బడ్డీ గొంతుకిచ్చింది, ఆ గొంతు ఆవిడ చెల్లెలి కొడుకు దగ్గరుంది.